యాపిల్ తోటలో నిటారు గొట్టం

ఒకే ఒక్క ఇనుప గొట్టంతో ఓ చెట్టునూ, మా అత్తగారినీ, ఓ పెద్దాయన నమ్మకాన్నీ ఒకేసారి కుదిపేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, మీరు మాత్రం మా ఆవిడ ముందు నవ్వకండి.

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మా పక్కింటి వాల్టర్‌గారికి చిన్న యాపిల్ తోట, వాళ్ల నాన్న కొన్న పాత ట్రాక్టరు ఉన్నాయి. ఊరి నుంచి మా అత్తగారు వచ్చారని తెలిసి, "శనివారం ఆవిడను బండిలో తోటంతా తిప్పు, యాపిల్స్ కోసుకోండి. నాకు బజారులో పనుంది," అని తాళంచెవి ఇచ్చారు. తన కొడుక్కి కూడా ఇవ్వని తాళంచెవి అది!

ఆ ట్రాక్టరును చూస్తే నాకు జాలేసింది. పొట్టి సీటు, చక్రాల మీద బోర్లించిన మూకుడులాంటి రేకు, పొగగొట్టమేమో పొట్ట కింద దాక్కుని ఉంది. ఫోటోల్లో ట్రాక్టర్లన్నీ ఏనుగు తొండమెత్తినట్టు గొట్టం పైకెత్తి నిలబడతాయి కదా! పాపం, చవకరకం కొన్నట్టున్నారు అనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, వాల్టర్‌గారికి లేని దురద నాకు పుట్టింది. ఆన్‌లైన్‌లో నిటారు గొట్టం ఆర్డర్ చేసి, ఆయన బజారుకెళ్లగానే బిగించేశాను. సర్‌ప్రైజ్ గిఫ్ట్!

వెనక ట్రాలీలో మా ఆవిడ, అత్తగారు. మొదటి వరుసలోకి దూరామో లేదో, గొట్టం కొమ్మకు తగులుకుంది.

"ఏవండీ, ఆపండి!"

"ఏం కాదు, కొంచెం స్టక్ అయింది, అంతే!" అని నేను ఇంకాస్త గట్టిగా తొక్కాను.

ఫెళ్లున కొమ్మ విరిగింది. యాపిల్స్ వడగళ్లలా మా అత్తగారి మీద రాలాయి.

"అల్లుడుగారూ, కోసుకుందామన్నారు గానీ కొట్టించుకుందామనలేదే!" అన్నారావిడ తల తడుముకుంటూ.

సలసలా కాగుతున్న గొట్టానికి పైన ఆకులు మాడుతున్న వాసన. కొరివితో తల గోక్కున్నవాళ్ల గురించి విన్నారు గానీ, కొరివితో చెట్టు తల గోకినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే వాల్టర్‌గారు వచ్చారు. విరిగిన కొమ్మను నిమిరారు.

"సారీ అండీ. గిఫ్ట్‌గా పెట్టాను," అన్నాను.

"మొక్కజొన్న చేలో పైకప్పులా కొమ్మలుండవు. అందుకని అక్కడివాళ్లు గొట్టం పైకి పెట్టించుకున్నారు," అన్నారాయన నెమ్మదిగా. "వరి పండించేవాళ్లు బురదలో జారని టైర్లు అడిగారు. మా నాన్న, కొమ్మలకు తగలకూడదని గొట్టం కిందికి, చక్రాలకు రేకు అడిగి మరీ తెప్పించుకున్నాడు. అవునూ, ఆఫీసులో నీ పనేమిటి?"

"బిజినెస్ అనలిస్ట్‌నండీ," అని నసిగాను. "సాఫ్ట్‌వేర్ చేసే ముందు... ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో... అడిగి తెలుసుకుంటాను."

వాల్టర్‌గారు ట్రాలీ పట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. అర్థం చెప్పించుకుని మా అత్తగారు అంతకంటే ఎక్కువ నవ్వారు.

అక్కడికక్కడే భీషణ ప్రతిజ్ఞ చేశాను: "యజమానిని అడగనిదే ఏ బండి గొట్టాన్నీ ఏ దిక్కుకూ తిప్పను!"

ప్రమాణానికి దేనిమీదైనా చెయ్యి వెయ్యాలి కదా అని ఆ గొట్టం మీదే వేశాను. అదింకా చల్లారలేదు.