టైరు కింద ఐసు దిమ్మ

2022 ఎండాకాలం. కావలి నుంచి బోగోలు మండలంలోని ఒక రేవుకు లారీలో ఐసు తోలేవాణ్ణి. రేవుకు పోవాలంటే కాలవ వంతెన దిగాలి. ఆ వాలు మీదే బండి ఆపాలి, ఇసుకలోకి దిగితే చక్రాలు కూరుకుపోతాయి. వాలు అడుగున ఆడవాళ్లు గంపలు పెట్టుకుని పడవల కోసం కూర్చుంటారు.

నా బండి హ్యాండ్ బ్రేక్ కేబుల్ తెగి వారమైంది. నిలిపిన బండిని కదలకుండా పట్టేది అదే. ఓనరు రేపూ మాపూ అంటూ నాన్చుతున్నాడు. అది లేనప్పుడు, ముక్కు పల్లానికి ఉంటే రివర్స్ గేరు, ఎత్తుకు ఉంటే ఫస్ట్ గేరు వేసి ఇంజన్ ఆపాలి. అప్పుడు ఇంజనే చక్రాలను బిగించి పట్టుకుంటుంది. ముందు చక్రాలు గట్టు వైపు తిప్పి, టైరుకు రాయి పెట్టాలి. అన్నీ తెలిసీ తప్పు చేశాను.

ఆ రోజు రాయిని ఐసు ఫ్యాక్టరీ దగ్గరే మరిచిపోయాను. రేవులో రాయన్నది దొరకదు, అంతా ఇసుకే. ఐసు దించే శీనయ్య, నా ఈడువాడే, ఒక దిమ్మను లాక్కొచ్చి ముందు టైరుకు అడ్డంగా తోశాడు.

"ఐసు పెడితే ఎట్టయ్యా?" అన్నాను.

"ఇంత దిమ్మ కరగాలంటే పొద్దు గూకాలన్నా. దీంతోనే గదా మనం బతకతా ఉండేది, నాకు తెలీదా?"

నిజమే అనిపించింది. మా దిమ్మలు నిలిచేది వరిపొట్టులో, కాలే తారు మీద కాదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. అడ్డు ఉంది కదా అన్న బద్ధకంతో గేరు కూడా వేయకుండా, పక్కనే ఉన్న టీ బంకుకు పోయాను.

రెండో టీ సగంలో ఉండగా, గంపల దగ్గర నుంచి పోలమ్మక్క కేకేసింది.

"అన్నా, రోజూ మీ బండి నీళ్లు ఎనక నించి గదా కారేది. ఈ పొద్దు ముందు టైరు కింద నించి వస్తా ఉండాయేంది?"

గ్లాసు పడేసి పరుగెత్తాను. దిమ్మ పలకలా అరిగి జారుతోంది. తలుపు తీసేసరికి బండి కదిలింది. ఎక్కి బ్రేకు తొక్కాను, రివర్స్ గేరు వేశాను, స్టీరింగు గట్టుకు తిప్పాను. బండి ఆగింది. ఎదురుగా అద్దంలోంచి ఆ ఆడవాళ్లందరూ కనిపిస్తున్నారు. బ్రేకు మీద నుంచి కాలు తీయాలంటే భయమేసింది, చాలాసేపు తీయలేదు.

నాలుగు తిట్లు తింటాననుకుంటూ దిగాను. పోలమ్మక్క నా మొహం చూసి, "ముందు ఆ టీ తాగిరా పోన్నా, మాకేం కాలేదు గదా" అంది. మర్నాడు వాళ్లాయన పాత పడవ చెక్కతో టైర్లకు అడ్డం పెట్టే ఆపులు రెండు చెక్కి తెచ్చిచ్చాడు. ఐసు బండికి నీళ్లు కారడం నాకు ఎంత అలవాటంటే, అటు చూడటమే మానేశాను. ఆమె చూసింది కాబట్టి అందరం బాగున్నాం.

ఓనరుతో గొడవపడి ఆ వారంలోనే కేబుల్ మార్పించాను. బ్రేకు ఇప్పుడు గట్టిగా పడుతోంది. అయినా నేను బండి ఆపగానే పోలమ్మక్క గంప చంకలోనే పెట్టుకుని నిలబడుతుంది.

"గేరేసినావా?"

"ఏసినానక్కా. చెక్కలూ పెట్టినా."

అప్పుడు గంప దించుతుంది.