పోలమ్మ ఆర్చి కింద ఖాళీ బిందెలు

ఈ ప్రయాణానికి కారణం నేను రాసిన ఒక అర్జీ. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లు దాటి ఇందా వైపు పోయే దారిలో ఒక మలుపు ఉంది. దాన్ని ఇప్పటికీ బార్లో మోడ్ అంటారు. ఆ బార్లో దొర ఏం చేశాడో అక్కడ ఒక్కరికీ తెలీదు. సఫాయి పనివాళ్ల బిందెల్ని కుళాయి వరసలో పెట్టనివ్వని రోజుల్లో, అదే మలుపులో, పోలమ్మ అనే సఫాయి మనిషి తన బిందె తెచ్చి అందరి మధ్యా పెట్టింది. తన్నేశారు. మర్నాడు మళ్లీ పెట్టింది. మూడోరోజుకి ఆమె వెనక ఇంకో పది బిందెలు నిలబడ్డాయి, ఆ వరసలో వాళ్లకీ చోటు దొరికింది. అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మా తాత పెట్టెలో దొరికిన కరపత్రంలో ఇదంతా చదివాను. ఆ పూట అన్నం సహించలేదు. దొర పేరు పీకేసి పోలమ్మ పేరు పెట్టాలనీ, పెద్ద ఆర్చి కట్టాలనీ పలాసలో కూర్చుని అర్జీ రాశాను. ఆ ఊళ్లోనే హిజ్లీ కాలేజీలో చదువుకునే మన తెలుగు కుర్రాళ్ల చేత సంతకాలు పెట్టించాను. రెండేళ్లు వెంటపడితే ఒక కమిటీ వేసి, చివరికి ఆర్చి కట్టారు. ఆదివారం పదకొండింటికి ప్రారంభోత్సవం అన్నారు.

పలాసలో సాయంత్రం హౌరా బండి ఎక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్‌లో ఉంటాం. స్లీపరు నాలుగు వందల లోపే. ఆ పొడవాటి ప్లాట్‌ఫాం నడిచి బయటికి వచ్చేసరికి ఆరయింది. అక్కడ బ్యాటరీ ఆటోని టోటో అంటారు. నలుగురితో కలిసి వెళ్తే పదిహేను రూపాయలు, ఒక్కరమే అయితే అరవై. పోలమ్మ మోడ్ పోవాలి అన్నాను గట్టిగా. డ్రైవరు తపన్‌దా బెంగాలీ, అయినా మన భాష బాగానే మాట్లాడతాడు. బార్లో మోడా అని అడిగాడు. సగం దారి అతనికి చరిత్ర పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, "ఠీక్ హై దాదా, నువ్వు పోలమ్మ అను, నేను బార్లో అంటాను, టోటో అక్కడికే పోతాది" అన్నాడు. కాళ్ల దగ్గర రెండు నీళ్ల క్యాన్లు అడ్డంగా ఉంటే ఎవరికని అడిగాను. నీ పోలమ్మ కోడలికే అన్నాడు.

ఆర్చి పెద్దదే. నున్నటి పలకలు అతికించి, పేరు మీద పసుపు గుడ్డ కప్పారు. దాని పక్కనే సింహాచలమ్మ ఇడ్లీ బండి. పోలమ్మ చిన్న కోడలు, డెబ్బైకి దగ్గర పడింది. పొయ్యి వెలిగించలేదు. తపన్‌దా క్యాన్లు దించుతుంటే, ఏమయిందని అడిగాను.

"ఈ కంబాలకి గొయ్యి తీసినప్పుడు మా కుళాయి పైపు తెగిపోనాది బాబూ. కాంట్రాక్టరు సూసినాడు. సూసి మరీ పైన సిమెంటు పోసీసినాడు. ఇరవై రోజులయినాది. క్యాను నీళ్లతో పప్పు నానబెట్టి ఎన్నాళ్లు అమ్ముతాను? ఈ వారంతో బండి ఎత్తీడమే."

కమిటీవాళ్లని అడిగితే, ఆర్చి కావాలన్నది మేం కాదు, పలాస నుంచి ఎవడో రాశాడు అన్నారట. ఆమె నన్ను పరీక్షగా చూసింది.

"నువ్వేనేటి?"

నేనే అన్నాను.

"ఆ కాయితంలో నీళ్ల మాట రాసినావా?"

రాయలేదు. నాలుగు పేజీల నిండా ఆత్మగౌరవం, సమానత్వం, చరిత్ర. అక్కడి సఫాయి ఇళ్ల లైనులో ఉంటున్నవాళ్లకి ఏం కావాలో ఒక్కరినీ అడగలేదు. కాంట్రాక్టరు మీద కోపం, కమిటీ మీద కోపం, అంతకంటే నా మీద నాకు కోపం. ఆ గుడ్డా బోర్డూ కలిపి పీకి పారేస్తానని లేచాను.

"కూకో. మా అత్త పేరు పీకేస్తావేటి? బిందె పట్రా" అంది సింహాచలమ్మ.

ఆ లైనులో బిందె అంటే మనిషి కిందే లెక్క. వరసలో పెట్టి పనికి పోవచ్చు, వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు. పదింటికల్లా ఆర్చి కింద రోడ్డుకి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా లైనువాళ్ల ఖాళీ బిందెలు నిలబడ్డాయి. నాకో సొట్టపడిన సిల్వరు బిందె ఇచ్చారు, పెట్టాను. తపన్‌దా తన ఖాళీ క్యాను తెచ్చి చివర్లో పెట్టాడు. ఎదురుగా షామియానాలో పెద్దమనుషుల కోసం నీళ్ల సీసాలు పెట్టెలకు పెట్టెలు దించుతున్నారు. అది చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

పదకొండు దాటాక కార్లు వచ్చి ఆగిపోయాయి. కాంట్రాక్టరు మనిషి ఒకడు తిట్టుకుంటూ వచ్చి మొదటి బిందె మీదికి కాలెత్తాడు. నేను దూకబోతే సింహాచలమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది. ఆమె గొంతు పెంచలేదు.

"తన్ను నాయినా. ముందల ఆ గుడ్డ తీసి తన్ను. ఎవరి పేరు కింద తన్నుతున్నావో నలుగురూ సూస్తారు."

వాడు కాలు దించాడు. కార్లు వెనక్కి తిరిగాయి. రిబ్బను కట్ కాలేదు. రెండింటికి కాంట్రాక్టరు పంపిన నలుగురు కూలీలు గునపాలతో వచ్చి సిమెంటు పగలగొట్టారు, చీకటి పడేలోపు పైపు అతికారు. మొదట ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లటివి. సింహాచలమ్మ మొదటి బిందె నింపుకుని పోయి పప్పు నానబోసింది.

గోల్ బజార్ దగ్గర ఐదొందల గదిలో ఆ రాత్రి ఉండి, సోమవారం పొద్దున ఆమె బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీ ఇరవై రూపాయలు. నా దగ్గర తీసుకోనంటే పోట్లాడి ఇచ్చాను. గుడ్డ ఇంకా అలాగే ఉంది, తపన్‌దా ఇంకా బార్లో మోడ్ అనే కేకేస్తున్నాడు. నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. దొర పేరు పోవాల్సిందే, పోలమ్మ పేరు ఉండాల్సిందే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆమె ఎప్పుడో గెలిచిన నీళ్ల కోసం ఆమె కోడలు అదే చోట మళ్లీ బిందె పెట్టాల్సి వచ్చింది. అందులో నా సంతకం కూడా ఉంది. ఇంకో అర్జీ రాస్తున్నాను. ఈసారి పలాసలో కూర్చుని కాదు, ఆ బండి పక్కన బెంచీ మీద, వాళ్లు చెబుతుంటే.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోటోల కోసం ఆర్చి కింద నిలబడకండి, అది వాళ్ల కుళాయి వరస. నీళ్లు కొనుక్కోవద్దు. ఖాళీ సీసా తీసుకెళ్లి ఆఖరి బిందె వెనక పెట్టి, నింపాదిగా ఇడ్లీ తినండి. మీ వంతు వచ్చేదాకా దాన్ని ఎవరూ కదపరు.