కాలువ కట్టేసిన నెలలో యుద్ధం

నిన్న ఆఫీసులో ఒకరు బోర్డు గేమ్ తెచ్చారు. శత్రువుతో పోరాడుతూనే వెనక్కి తగ్గి, సైన్యాన్ని వంతెన దాటించాలట. అది చూడగానే నాకు చేపల పెట్టె వాసన గుర్తొచ్చింది.

మీలో ఎవరైనా ఇలా ఆడారా? మిలిటరీ నుంచి వచ్చేసిన మా చినతాతయ్య థర్మోకోల్ చేపల పెట్టె మూత మీద బొగ్గుతో కాలువా, వంతెనా గీసేవారు. నావి పది చింతపిక్కలు, ఆయనవి పది గవ్వలు. ఆరు పిక్కలు అవతలి గట్టు చేరితే నేను గెలిచినట్టు.

నేను హైస్కూల్లో చేరాల్సిన ఏడాది, మే నెలలో పందెం ఆయన సైకిలు. సైకిలు లేకపోతే అంత దూరం హైస్కూలుకి పంపనని అమ్మ తేల్చి చెప్పేసింది.

నాకు ఏడు పిక్కలే మిగిలాయి. వంతెన నిండా గవ్వలు.

"ఏంటమ్మా కమాండరూ, చేతులెత్తేస్తావా?" అన్నారు తాతయ్య.

గుమ్మంలో చేపలు తోముతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మన ఊరి కాలువకి నీళ్ళు కట్టేసి వారమైంది కదా తాతయ్యా! నీళ్ళెక్కడివి? మావాళ్ళు దిగి నడిచేస్తారు."

ఆయన గడ్డం గోక్కున్నారు. "సరే, నడవనీ. మావాళ్ళూ వెనకాలే దిగుతారు."

నిజమే. ఒక పిక్కను ఇవతలి గట్టునే అడ్డంగా నిలబెట్టాను. గవ్వలు దాన్ని పడగొట్టేలోగా మిగతా ఆరూ గట్టెక్కాయి.

తాతయ్య గవ్వలు ఏరుకోసాగారు. గుమ్మంలోంచి అమ్మ అంది, "ఆ సైకిలు సీటు కాస్త కిందకి దింపించండి మావయ్యగారూ, దాని కాళ్ళు అందవు."