ఒక్కపొద్దు రోజుల మాత్రలు

నా చిన్నప్పుడు మా ఇంటి ఆడవాళ్లలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. అందుకని మా నాయనమ్మ గుండె మాత్రలు నా చేతికొచ్చాయి. మిర్యాలగూడ డాక్టరు చీటీ రాసిచ్చి, మాత్ర రోజుకు ఒకటేనని, ఒకరోజు తప్పితే తప్పినట్టే వదిలేయాలని, మర్నాడు కలిపి వేయొద్దని నాకే రెండుసార్లు చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

మా నాయనమ్మ నోరు చెడ్డది, భక్తి మాత్రం గట్టిది. ఆ కార్తీకంలో ఏకాదశి నుంచి పున్నమి దాకా ఐదు రోజులూ పాలు, పండ్లతో ఒక్కపొద్దులుంది. మందు నోట్లో పడితే ఒక్కపొద్దు చెడుతుందని ఒక్క మాత్రా ముట్టలేదు. పున్నమి వెళ్లిన తెల్లారి నన్ను పిలిచి, ఆగినవన్నీ ఇమ్మంది. డాక్టరు వద్దన్నాడని గొణిగాను.

“దేవుని కోసం ఆపిన గోలీలు బిడ్డా. ఇడిసిపెడితే మందు తక్కువైతది. అన్నీ ఇయ్యి. మీ అమ్మకు చెప్పకు.”

ఆ ఐదూ, ఆ రోజుదీ కలిపి ఆరు ఇచ్చాను. పెద్దవాళ్ల మాట విన్నానని కొంచెం గర్వపడ్డాను కూడా.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్న నాయనమ్మ కంచం తోసేసింది. కడుపులో తిప్పుతోందట, తెల్లన్నం పసుపు రంగులో కనబడుతోందట. అక్కడే వాంతి చేసుకుని, మా అమ్మ వైపు వేలు చూపించింది.

“బువ్వల ఏం కలిపినవే?”

అప్పుడే రైసుమిల్లు నుంచి వచ్చిన మా నాన్న ఇంకేమీ అడగలేదు. అమ్మను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. ఇరుగుపొరుగు వాళ్లు గోడల మీంచి చూశారు తప్ప ఒక్కరూ అడ్డం రాలేదు. తానేమీ కలపలేదని అమ్మ ఒక్కసారే చెప్పింది. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే ఆ దెబ్బలు నాకు పడతాయని నాకు బాగా తెలుసు.

నాయనమ్మను మిల్లు లారీలో మిర్యాలగూడ తీసుకెళ్లాం. అమ్మను ఎక్కనివ్వలేదు. డాక్టరు నాడి చూసి, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందన్నాడు. అమ్మ విషం పెట్టిందని మా నాన్న చెప్పాడు. డాక్టరు అదంతా విని, మాత్రల డబ్బా నా చేతిలో పెట్టి, పొద్దున నాయనమ్మకు ఇచ్చినట్టే తనకూ ఇమ్మని అరచెయ్యి చాపాడు. ఒకటే పెట్టాలనుకున్నాను. కానీ ఆయన మొహంలో కోపం లేదు. ఆరు పెట్టాను. ఆయన ఆ చేతిని అలాగే మా నాన్న ముందుకు జరిపి, అన్నం పసుపుగా కనబడింది వీటివల్లేనన్నాడు.

నాయనమ్మ బతికింది. వారానికి ఇంటికొచ్చి, కోడలి చేతి బువ్వ పడలేదని ఊరంతా చెప్పుకుంది. తప్పయిందని మా నాన్న అమ్మతో అననే లేదు. నన్నూ ఎవరూ కొట్టలేదు, చిన్నపిల్ల దానికేం తెలుసన్నారు. అమ్మ మాత్రం నాకు జడ వేస్తూ, వెనక నుంచి మెల్లగా అంది.

“నీకు తెల్సు. తెల్సి సూసుకుంట నిలబడ్డవ్.”

మళ్లీ ఆ ఊసెత్తలేదు. చాలా ఏళ్లకు ఆమెకూ గుండె జబ్బే వచ్చింది. సూర్యాపేటలో మా ఇంట్లోనే ఉంచుకుని అన్నీ నేనే చేశాను. నా చేతి అన్నం తినేది, నా చేత నీళ్లు పోయించుకునేది. మాత్ర తీసిస్తే మాత్రం చెయ్యి చాపేది కాదు. పక్కింటి అక్కను పిలిపించుకుని, చీటీ చదివించుకుని, ఆమె ఇస్తేనే వేసుకునేది. పోయేదాకా అంతే.

ఇప్పుడు నాకూ రోజూ ఒక గుండె మాత్ర ఉంది. తప్పిన రోజుది కలిపి వేసుకోను, అనుమానమొస్తే డాక్టరునే అడుగుతాను. ఆ పాఠం బాగానే వంటబట్టింది. అమ్మ చేసింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. అయినా ఈ వయసులో కూడా, మాత్ర అరచేతిలో వేసుకోగానే నాకు ఏడుపొస్తుంది.