అరవయ్యా, నూరా

ప్రొద్దుటూరులో పెళ్లి ఫోటోలు తీసి బతకడమంటే సగం బంగారం ఫోటోలు తీసి బతకడమే. మా ఊళ్లో ఆల్బమ్ చేతికివ్వగానే పెళ్లికొడుకు మొహం ఎవరూ చూడరు. వడ్డాణం పడిందా, కాసులపేరులో కాసులు కనబడుతున్నాయా, కమ్మల రాళ్లు తేటగా ఉన్నాయా అని చూస్తారు. ఒక పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ మొత్తం తిరగేసి, చివరి పేజీ మూసి, "అన్నీ బాగుండాయి గానీ అమ్మీ, కమ్మలు మాత్రం కందిబ్యాళ్ల మాదిరి ఉండాయి" అంది. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి ఆ ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. ఆయమ్మ అన్నది నిజమే, అచ్చం కందిపప్పు బద్దలే.

తప్పు నాది కాదు, లెన్సుది. మామూలు లెన్సు మరీ దగ్గరికి పోతే మొరాయిస్తుంది, అంతా మసకబారిపోతుంది. చిన్న వస్తువును దగ్గరగా, తేటగా పట్టాలంటే మాక్రో లెన్సు ఉండాలి. కొనాలని ఆ రోజే అనుకున్నాను. మా ఆయన వీడియో తీస్తాడు, నేను ఫోటోలు తీస్తాను. ఏ సామాను కొనాలన్నా ముందు ఇద్దరం పోట్లాడుకోవడం మా ఇంటి ఆనవాయితీ. ఉన్న లెన్సులు శుభ్రంగా తుడిచిపెట్టుకుంటే చాలదా అన్నాడాయన. నువ్వు వీడియో లైటు కొన్నప్పుడు నేనేమన్నా అన్నానా అని అడిగాను. శానా అన్నావు అని గుర్తు చేశాడు. ఏమేం అన్నానో కూడా వరసగా అప్పజెప్పాడు. ఆయనకు అంత జ్ఞాపకశక్తి ఉందని పెళ్లయిన ఇన్నేళ్లకు తెలిసింది. మొత్తానికి లెన్సు కొనడానికి ఒప్పుకున్నాడు.

కువైట్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, మా వీధి చివర కెమెరా అంగడి పెట్టిన పెద్దాయన ఒకడున్నాడు. ఊళ్లో ఫోటోలు తీసేవాళ్లమంతా ఆయన్ను మామా అని పిలుస్తాం. మామ నా ముందు రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి అరవై ఎం.ఎం., ఒకటి నూరు ఎం.ఎం. అరవై పొట్టిగా, తేలికగా, అరచేతిలో ఇమిడిపోయింది. నూరు పొడుగ్గా బరువుగా ఉంది. దగ్గరి వస్తువును పెద్దగా చూపించడంలో రెండూ ఒకటే. తేడా అంతా దూరంలో ఉంది. అరవైతో ఉంగరాన్ని పట్టాలంటే ముక్కు తీసుకుపోయి ఉంగరం మీద పెట్టాలి. నూరుతో అయితే కొంచెం ఎడంగా నిలబడి తీయొచ్చు.

నా మనసు అరవై మీదే పడింది. మెడలో రెండు కెమెరాలు వేసుకుని పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా నిలబడేదాన్ని నేను, బరువు సంగతి నాకు ఒకరు చెప్పాలా? మామ వాదించలేదు. రెండూ సంచిలో పెట్టి, రెండు ఫంక్షన్లు తీసి చూసుకో, నచ్చింది ఉంచుకుని రెండోది వాపసు తెచ్చివ్వు అన్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో జీలకర్ర, కల్లుప్పు, మా ఆయన బొటనవేలి గోరు, ఏది కనబడితే అది తీశాను. జీలకర్ర గింజ మీద గీతలుంటాయని తెలుసు గానీ అంత అందంగా ఉంటాయని తెలియదు. ఒక్కటే చిక్కు. అంత దగ్గరికి పోయినప్పుడు ఫోకస్ బియ్యపు గింజ మందాన కూడా నిలబడదు. ఊపిరి పీల్చితే ఒకచోట, వదిలితే ఇంకోచోట పడుతుంది. అన్నం ఎప్పుడు పెడతావని మా ఆయన రెండుసార్లు అడిగాడు. మూడోసారి తనే పెట్టుకున్నాడు.

మొదటి పరీక్ష జమ్మలమడుగులో ఒక ముస్లింల ఇంట్లో జరిగింది. మెహందీ ఫంక్షన్, అందరూ ఆడవాళ్లే. అట్లాంటి ఇళ్లలో ఆడ ఫోటోగ్రాఫరు కావాలని నన్ను ఏరికోరి పిలుస్తారు. అరవై తగిలించి పెళ్లికూతురి అరచేతి మీదికి వంగాను. నా తల నీడ వచ్చి సరిగ్గా పువ్వు మీద పడింది. ఇటు జరిగాను, నీడ కూడా ఇటే జరిగింది. నా జడ జారి ఆరని మెహందీకి అంటుకోబోతే పక్కనున్న పిల్ల పట్టుకుంది. పెళ్లికూతురి పిన్ని చాలాసేపు ఓపిగ్గా చూసి, "ఫోటో తీస్తాండావా అక్కా, వాసన చూస్తాండావా?" అంది. ఇల్లంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అయినా అరవై మీద మనసు విరగలేదు. ఆ గదిలో వెలుతురు సరిగ్గా లేదని, ఫ్యాను గాలికి చెయ్యి కదిలిందని బయట కాచుకుని ఉన్న మా ఆయనకు దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాను. ఒకసారి ఇది బాగుందని అనేశాక వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

రెండోది పులివెందుల పెళ్లి. ముందురోజు పెళ్లికూతుర్ని చేయడం తొండూరు పక్కన వాళ్ల పల్లెలో పెట్టుకున్నారు. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది, మాట నెమ్మది. కార్యక్రమం అయ్యాక నగలు తీయడానికి ఇద్దరం మిద్దె మీదికి పోయాం. నేను ఆమె చెవి దగ్గర వంగి కమ్మ మీద ఫోకస్ వెతుక్కుంటుంటే ఆ అమ్మాయి నా చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"అక్కా, నాకు ఒక్క ఫోటో కావాల. నా తాళిబొట్టు మీద మా అవ్వ చెయ్యి ఉండేది."

అదేం పెద్ద పని, ఉంటుందిలే అన్నాను. ముహూర్తానికి ముందు మా వైపు తాళిబొట్టును టెంకాయ మీద పెట్టి, పళ్లెంలో అక్షింతలు పోసి, మండపంలో కూచున్న వాళ్లందరి దగ్గరికీ తిప్పుతారు. అందరూ తాకి దీవిస్తారు. అప్పుడు అవ్వ కూడా తాకుతుంది, నేను తీస్తాను, అంతే కదా అనుకున్నాను. అంతే కాదని ఆ అమ్మాయి చెప్పింది. తల్లీ తండ్రీ తోట పనుల్లో ఉంటే తనను పెంచిందంతా అమ్మను కన్న ఈ అవ్వేనట. తాత పోయినప్పటి నుంచి అవ్వ ఏ పెళ్లిలోనూ ఆ పళ్లెం తాకలేదట. ఎవరూ ఆమె ముందు ఆపరు. ఇంట్లో అడిగి చూస్తే పెద్దవాళ్లు మాట మార్చారు. అందరికంటే గట్టిగా కాదన్నది అవ్వే.

"నా చెయ్యి పడితే నీకు మంచిది కాదు అంటాది అక్కా. ఆ చేత్తోనే నాకు అన్నం పెట్టింది."

మీ ఇంటి సంగతులు మీరు చూసుకోవాలి తల్లీ, నేను ఫోటోలు తీసేదాన్ని అని మాత్రం అన్నాను. కిందికి దిగేటప్పుడు అవ్వ కనబడింది. వాకిట్లో అందరికీ మజ్జిగ పోస్తా ఉంది. నాకూ పోసి, తాగేదాకా కదలనివ్వలేదు.

తిరుగు దారిలో ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుపోయాం. ముందు పోయే లారీని తిట్టాను, పెద్దవాళ్లను తిట్టాను, అవ్వను కూడా తిట్టాను. అందరికంటే ఆమె మీదే నాకు కోపం ఎక్కువ వచ్చింది. మనకెందుకు వాళ్ల సంగతులు అన్నాడు మా ఆయన. ఆయన్నూ తిట్టాను. ఇంటికి పోయాక రెండు లెన్సులూ ముందు పెట్టుకుని కూచున్నాను. అరవై తగిలించుకుని జానెడు దూరంలోకి పోతే ఏ ముసలమ్మయినా చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. నీడ కూడా పడుతుంది. నూరు అయితే ఒక వరుస ముందు నుంచే తీయొచ్చు. బరువు సంగతి ఆ రోజు నేనెత్తలేదు.

మర్నాడు పులివెందుల కళ్యాణ మండపంలో పదిన్నరకు ముహూర్తం. అవ్వ మనవరాలు కొనిచ్చిన కొత్త చీర కట్టుకుని చివరి వరుసలో కూలరు పక్కన కూచుంది. పళ్లెం పెళ్లికూతురి మేనత్త చేతిలో బయలుదేరింది. నేను పక్కనే నడుస్తున్నాను. జనం తాకుతున్నారు గానీ పళ్లెం వైపు చూసేవాడు ఒక్కడూ లేడు. ఒకాయన ఫోన్లో తన బత్తాయి తోట చీనీకాయల ధర మాట్లాడుతూనే తాకాడు. ఇంకొకాయన నిద్రలో ఉంటే పక్కాయన ఆయన చెయ్యి ఎత్తి తాకించాడు. అట్లా వాళ్లందరి చేతులూ తాళికి మంచివే.

చివరి వరుసకు వచ్చేసరికి అవ్వ రెండు చేతులూ కొంగు కింద పెట్టేసుకుని మొహం కూలరు వైపు తిప్పుకుంది. మేనత్త చెడ్డ మనిషేమీ కాదు. ఎప్పుడూ చూసినట్టే చేస్తోంది, పళ్లెం అవ్వ ముందు నుంచి పక్కకు తిరిగింది. వేదిక మీద బాసికం కట్టుకున్న పిల్ల తల వంచుకోవడం మానేసి మా వైపే చూస్తోంది.

"అక్కా, ఆగు" అని అరిచాను. "పళ్లెం ఆడే పెట్టు. ఫోకస్ పడల్యా."

పెళ్లిలో తండ్రి మాట వినని వాళ్లుంటారు, పురోహితుడి మాట వినని వాళ్లు చాలామంది ఉంటారు. ఫోటోగ్రాఫరు ఆగమంటే మాత్రం తాళి కట్టే చెయ్యి కూడా ఆగిపోతుంది. మేనత్త పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నేను అవ్వకు ముందున్న వరుసలో ఖాళీ కుర్చీ మీద మోకాళ్లు పెట్టి, వెనక్కి తిరిగి, ఎవరన్నా బొట్టును తాకినట్టు చెయ్యి పెట్టండి అన్నాను. పక్కనున్న పెద్దాయన వెంటనే చెయ్యి చాపాడు. రెండు రాళ్ల ఉంగరాలు, వెండి కడియం, గడియారం. ఒద్దు పెద్దాయనా, మెరుపు లెన్సులోకి కొడుతోంది అన్నాను. మేనత్త తన చెయ్యి పెట్టింది. మోచేతి దాకా గాజులు. అవీ మెరుస్తున్నాయన్నాను. అప్పుడు మా ఆయన వచ్చాడు. వాళ్ల సంగతులు మనకెందుకన్న మనిషి, వీడియో లైటును ఇంకా కిందికి దించి సరిగ్గా ఆ గాజుల మీద పెట్టాడు. గాజులు భగ్గుమన్నాయి. ఆయన్ను చేసుకున్నందుకు నాకు చాలా రోజుల తర్వాత గర్వంగా అనిపించింది.

"మెరిసేదేమీ లేని చెయ్యి కావాల" అన్నాను. "అవ్వా, నువ్వు పెట్టు."

అవ్వ కూలరు వైపు నుంచి మొహం తిప్పలేదు. "నాదొద్దు తల్లీ. ఇంగెవరన్నా పెడతార్లే" అంది.

"ముహూర్తం దాటిపోతాంది అవ్వా. ఇంగ నీ ఇష్టం" అన్నాను, నాకు చేతనైనంత కోపంగా.

ముహూర్తం మాట ఎత్తితే ఎవరైనా కంగారు పడాల్సిందే. మేనత్త నన్ను చూసింది. తర్వాత వేదిక మీదికి చూసింది. ఆమెకు అర్థమైందో, లేక నిజంగానే ఆలస్యమవుతోందని భయపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. వంగి, పళ్లెం తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది.

"పెట్టత్తా" అంది. "ఈయమ్మ మనల్ని ఇడిసేటట్టు ల్యా."

కొంగు కింది నుంచి ఒక చెయ్యి వచ్చింది. లెన్సులోంచి చూస్తున్నాను. శెనిక్కాయలు పీకి పీకి వేళ్లు గట్టిపడిపోయాయి, చూపుడువేలి గోరు సగం అరిగింది. ముందు పసుపు తాడును తాకింది. కాలుతుందేమో అన్నట్టు ఒక క్షణం ఆగింది. తర్వాత బొట్టు మీదికి జరిగింది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను. మొదటి ఫోటోలోనే వేలి గీతలతో సహా పడింది. నూరు ఇంక మామకు వాపసు పోదు.

"వచ్చిందా తల్లీ?" అంది అవ్వ, చెయ్యి తీయబోతూ.

"ఇంకా లేదవ్వా. చెయ్యి తీయొద్దు."

తీస్తూనే ఉన్నాను. పురోహితుడు మైకులో పళ్లెం తెమ్మని పిలిచాడు. ఆగమని ఆయనకూ చెయ్యి చూపించాను, ఆయనా ఆగాడు. అవ్వ వేళ్లు మెల్లగా విచ్చుకుని అరచెయ్యి మొత్తం బొట్టు మీద ఆనింది. మొహం ఇటు తిప్పి, జనం తలల మీదుగా వేదిక మీదున్న మనవరాలిని చూసింది. ఆ తర్వాత నేను అడగలేదు, ఎవరూ అడగలేదు. రెండో చెయ్యి కూడా కొంగులోంచి తీసి పళ్లెంలో పెట్టింది.