జామాయిల్‌కి ఇవ్వని మెట్ట

నేను పల్లపు పిల్లను. అనకాపల్లి పక్కన చెరకు తోటల మధ్య పెరిగాను. మా పుట్టింట్లో వాన ఆలస్యమైతే మోటారు వేసేవారు. పెళ్ళయి కోటవురట్ల దాటి కొండవారకు వచ్చాక గానీ ఆకాశాన్ని నమ్ముకోవడమంటే ఏమిటో తెలియలేదు. అత్తవారి మెట్టకు కాలువ లేదు, బోరు లేదు. వాలులో ఎర్రనేల, రాళ్ళు, పైనుంచి పడిందే నీరు. మామగారు పోయాక సేద్యం అత్తే చూసుకునేది. నా భర్తకు కంపెనీలో షిఫ్టులు. అందుకని నేను వచ్చాక ఆ పని మా ఇద్దరిదీ అయింది.

ఆ ఏడు మృగశిర కార్తెలో ఒక జల్లు పడింది. దాన్ని నమ్మి ఊరంతా చోళ్ళు చల్లారు. రాగుల్ని మా వైపు అలాగే అంటారు. మొలకలు పచ్చగా లేచాయి. ఆరుద్ర చుక్క రాల్చలేదు, మొలకలు మాడిపోయాయి. మళ్ళీ చల్లాం, మళ్ళీ మాడాయి. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు కొండమీద కమ్ముకునేవి, సాయంత్రానికి సముద్రం వైపు జారుకునేవి. టీవీలో అల్పపీడనం అని చెబుతూనే ఉన్నారు. అది ఎవరి ఊరికి పోయేదో మాకు తెలియదు. ఊళ్ళో చాలామంది నాగళ్ళు చూరుకింద పెట్టేసి టౌనులో మేస్త్రీ పనులకు వెళ్ళిపోయారు.

అప్పుడు అత్త తమ్ముడు వచ్చి, మెట్టలో కాగితం మిల్లుకి అమ్మే జామాయిల్ మొక్కలు వేసెయ్యమన్నాడు. దానికి నీరక్కర్లేదు, మనిషక్కర్లేదు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మామగారు పోయినప్పుడు ఇంటికి అండగా నిలబడింది ఆయనే. అందుకే అత్త ఏమీ అనలేకపోయింది. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. నారు పోద్దామని అత్తతో అన్నాను. కొండ దిగువన పారే గెడ్డ ఎండిపోయినా, ఒక బండ కింద ఇంకా నీరు ఊరుతోంది. అక్కడ చిన్న మడి కడితే నారు బతుకుతుంది, వాన పడిన రోజున మెట్టలోకి మార్చుకోవచ్చు. విత్తనాలు అయిపోయాయి. ఇంట్లో ఉన్నవి అంబలికి దాచుకున్న గింజలే. అత్త ఆ గింజల కుండ తెచ్చి చేటలో బోర్లించింది.

నారు జానెడు లేచింది. ఒక ఉదయం అత్తా నేనూ దానికి నీళ్ళు పోసి బిందెలతో వస్తుంటే మా మెట్ట గట్టున గోతులు తవ్వే మిషను కనిపించింది. దాని పక్కన అత్త తమ్ముడు నిలబడి మిషను నడిపే మనిషికి కొలతలు చెబుతున్నాడు. అప్పటిదాకా నేను ఆయన ఎదుట నోరెత్తి ఎరగను. బిందె దించి, మిషను ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"గోతులొద్దు బాబయ్యా. నారు ఎదిగింది, ఇక్కడే ఊడుత్తాం," అన్నాను.

"వాన ఏదమ్మా? నేల సూడు, రాయినాగున్నాది."

"వత్తే వాన్నీళ్ళు, రాపోతే బిందెల్నీళ్ళు. అప్పుడూ ఎండిపోతే మా చోడే ఎండిపోద్ది. ఈ నేల్లో జామాయిల్ మాత్రం లెగనివ్వను."

ఆయన అత్త వైపు తిరిగాడు. "అప్పా, ఇది నీ కోడలి మాటా, నీ మాటా?"

అత్త బిందె కింద పెట్టలేదు. "నా మాటే. నాకు నోరు రానేదు, అది సెప్పేసింది. మనిషక్కర్నేని పంటేత్తే నానేటి సెయ్యాల్రా? అరుగుమీద కూకోవాలా?"

ఆయన మొహం చిన్నబోయింది. మిషను వెనక్కి తీసుకుపోయాడు. తర్వాత చాలా రోజులు మా గుమ్మం తొక్కలేదు.

మఖలో ఒక మధ్యాహ్నం వాన పడింది. నేల వేలి కణుపు లోతు కూడా తడవలేదు. అయినా నా భర్త సెలవు పెట్టి వచ్చాడు. ముగ్గురం నడుములు విరిగేలా నారు ఊడ్చాం. మర్నాటి నుంచి మళ్ళీ ఎండ. గెడ్డ నుంచి బిందెలు మోస్తుంటే, కొండకి నీళ్ళు పోస్తున్నారని టీ కొట్టు దగ్గర నవ్వేవారు. విని కూడా అదే దారిన నడిచాం, దొడ్డిదారి పట్టలేదు. ఎగువ సగం మాడిపోయింది. దిగువ సగం మా భుజాల మీద బతికింది. హస్తలో కాస్త చినుకు పడగానే మాడిన చోట ఉలవలు చల్లాం.

వెన్నులు కోసి నూర్చితే గాదె అడుగు కూడా నిండలేదు. ఆ వారంలోనే అత్త తమ్ముడు, ఏమీ జరగనట్టే, వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. అత్త కొత్త చోళ్ళ అంబలి గిన్నెలో పోసి ఇచ్చింది. తాగి, గాదె వైపు చూసి, ఇంత కష్టానికీ ఇంతేనా అన్నాడు.

"ఇంతే," అంది అత్త. "ఇంకాత్త పొయ్యమంటావేటి?"

ఆయన గిన్నె చాపాడు.