నిందంతా ఆ ఆటపెట్టె మీదే వేశాను

ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో వీడియోగేమ్ కారు పందెం నడుస్తోంది. మా శిరీష కారు ఒక సొరంగంలోకి పోయింది. సొరంగం గోడల మీద లైట్లు టకటకా వెలిగి ఆరుతున్నాయి. కారు పోయి గోడకు గుద్దుకుంది, శిరీష తిప్పలేదు. "తిప్పు బిడ్డా" అన్నాను. పలకలేదు. ముందుకు వెళ్లి చూస్తే కనురెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. నేను భుజం పట్టుకునేలోపే తేరుకుని, "అమ్మా, నా కారేది?" అంది.

నిద్రమత్తు అనుకున్నాను. అనుకున్నానే గానీ మనసు ఒప్పుకోలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు.

మాది గద్వాల. మా ఆయన చీరలు నేస్తాడు. నేను రాట్నం మీద కండెలు చుట్టి అందిస్తాను. శిరీష మాకు ఒక్కతే బిడ్డ, అప్పుడు ఏడో తరగతి. ఆ ఆటపెట్టె తెచ్చింది మా తమ్ముడు రమేశ్. హైదరాబాదులో టీవీలు అమ్మే దుకాణంలో పని చేస్తాడు. కొన్నవాళ్లకు ఆడి చూపించడానికి పెట్టిన పెట్టెను సేటు వాడికి ఇచ్చేస్తే, వాడు మేనకోడలికని తెచ్చాడు. చేతిలో చిన్న రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే తెర మీద బంతి దొర్లుతుంది, బ్యాటు తిరుగుతుంది. మా అత్తమ్మ కూడా కొంగు నడుముకు చెక్కి బంతి విసిరేది. మగ్గం దిగని మా ఆయన ఆదివారాలు దిగడం మొదలుపెట్టాడు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని నవ్వింది ఆ పెట్టె వచ్చాకనే. అందుకే నేను చూసింది చెప్పి ఆ నవ్వు చెడగొట్టాలనిపించలేదు.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ అదే పందెం ఆడుతూ శిరీష నిలబడ్డచోటే పడిపోయింది. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి, నోటివెంట నురగ వచ్చింది. అత్తమ్మ పరుగెత్తి తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. పక్కింటామె పళ్ల మధ్య చెంచా పెట్టబోతే మా ఆయన ఆపాడు. నాలుక కొరుక్కుని అప్పటికే రక్తం వస్తోంది. నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. అరవను కూడా అరవలేదట.

గద్వాల దవాఖానలో డ్యూటీ డాక్టరు, "ఎంతసేపు కొట్టుకుందమ్మా?" అని అడిగాడు.

"తెల్వదు సారూ. శానాసేపు."

"ఫిట్స్ లాగుంది. కర్నూలు తీసుకుపోండి. న్యూరాలజిస్టుకు చూపించి ఈఈజీ తీయించండి."

ఆ సాయంత్రమే రమేశ్‌కు ఫోన్ చేశాను. "నీ పెట్టె నా బిడ్డను ఖరాబు చేసింది. ఇగ నా ఇంటికి రాకు" అన్నాను. "అక్కా, ఏమైందక్కా, జర చెప్పు" అంటున్నాడు వాడు. ఫోన్ పెట్టేశాను.

కర్నూలులో శిరీష తల నిండా వైర్లు అంటించారు. పడుకోబెట్టి కళ్ల ముందు ఒక లైటును వెలిగించి ఆర్పుతూ, మెల్లగా వేగం పెంచారు. ఉన్నట్టుండి ఆ పరీక్ష చేసే అమ్మాయి లైటు ఆపేసింది. కాగితం మీద గీతలన్నీ ఎగిరెగిరి పడి ఉన్నాయి. సీటీ స్కాన్ మాత్రం నార్మల్ అన్నారు.

డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. "దీన్ని ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ అంటారమ్మా. లైటు అలా మిణుకుమిణుకుమంటే ఈ పాప మెదడు తట్టుకోలేదు. ఆట వల్ల జబ్బు రాలేదు. ఉన్నదాన్ని ఆట బయటపెట్టింది. ఇవాళ అది కాకపోతే రేపు ఇంకో లైటు బయటపెట్టేది."

ఆయన మాటల్లో నేను "ఆట" అన్నదొక్కటే విన్నాను. ఇంటికి రాగానే పెట్టెను గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాను.

ఫిట్స్ రాకుండా రోజుకు రెండు పూటలా వాల్‌ప్రోయేట్ మాత్రలు. ఇక అక్కడి నుంచి నా బతుకంతా ఆ పిల్లను చూస్తూ ఉండడమే. స్నానానికి పోతే తలుపు గడియ పెట్టుకోనివ్వలేదు. బావి దగ్గరికి పోనివ్వలేదు. పలుకు కాస్త ఆలస్యమైతే చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. బడిలో చెప్పలేదు. నల్లా దగ్గర ఎవరో "మూర్ఛపిల్ల" అన్నారని తెలిశాక ఇంకెక్కడా చెప్పలేదు.

ఆరు నెలలు ఏమీ కాలేదు. కానీ ఆ మాత్రలకు శిరీష లావెక్కింది. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. అద్దం ముందు నిలబడి ఏడ్చేది. పెట్టె అటక మీద ఉంది కదా, ఇక జబ్బు ఎక్కడినుంచి వస్తుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మొదట ఒక పూట మాత్ర ఆపాను. తరువాత రెండు పూటలా ఆపాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ముసురు పట్టిన ఒక పొద్దున మగ్గం గదిలో ట్యూబులైటు సరిగ్గా వెలగక కొట్టుకుంటోంది. శిరీష నాయనకు చాయ తీసుకుపోయింది. గ్లాసు పడిన చప్పుడు విని నేను పోయేసరికి పిల్ల మగ్గం గుంటలోకి సగం జారి ఉంది. నుదురు గుంజకు తగిలి చిట్లింది. మా ఆయన రెండు చేతులతో పట్టుకుని, "ఏందే గిది, మల్లా వచ్చిందేందే" అంటున్నాడు. పైన లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. అక్కడ ఆటా లేదు, పెట్టే లేదు.

నుదుటికి నాలుగు కుట్లు వేయించి మళ్లీ కర్నూలు పోయాం.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?" అన్నారు డాక్టరు గారు.

"ఏస్తున్నం సారూ" అన్నాను.

"వేస్తుండగానే వచ్చిందంటే రెండో మందు కూడా కలపాలి" అంటూ ఆయన రాయడం మొదలుపెట్టారు.

శిరీష నా వైపు చూసింది. తరువాత ఆయన వైపు తిరిగింది. "నేను మాత్రలు ఏస్కుంటలేను సార్. రెండు నెలలైంది. అమ్మ ఆపింది. నేను ఏడుస్తున్ననని ఆపింది."

ఆయన పెన్ను కింద పెట్టారు. మా ఆయన నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తలెత్తలేకపోయాను.

"అమ్మా, మీరు అబద్ధం చెప్తే నేను అబద్ధానికి మందు రాస్తాను" అన్నారాయన. కోప్పడలేదు. "లావెక్కుతోందని, జుట్టు రాలుతోందని వచ్చి చెప్పి ఉంటే అప్పుడే వేరే మందు చూసేవాణ్ణి కదా."

రాసిన చీటీ చింపేసి కొత్త మందు రాశారు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచమన్నారు. శిరీషను దగ్గరికి పిలిచి అరచేయి ఒక కంటికి పూర్తిగా అడ్డం పెట్టి చూపించారు. "ఎక్కడైనా లైటు మిణుకుమంటే ఇలా అరచేత్తో ఒక కన్ను గట్టిగా కప్పి, మొహం అటు తిప్పేసుకో. ఊరికే రెండు కళ్లూ మూసుకుంటే సరిపోదు, రెప్పల్లోంచి కూడా వెలుతురు పోతుంది" అన్నారు. నిద్ర తక్కువ కాకూడదని కూడా చెప్పారు.

వచ్చేటప్పుడు బస్సు మానవపాడు మీదుగా పోతుంటే నాకు తమ్ముడే గుర్తొచ్చాడు. మేము పుట్టి పెరిగింది ఆ ఊర్లోనే. గద్వాల బస్టాండులో దిగగానే ఫోన్ చేశాను.

"రమేశా, తప్పు నాదిరా" అన్నాను.

"బిడ్డ ఎట్లుందక్కా?" అన్నాడు.

ఆ ఆదివారమే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "పెట్టెతోని వచ్చిన పుస్తకంల మొదటి పేజీలనే రాసుండె అక్కా, లైట్లతోని ఫిట్స్ రావచ్చని. ఇంగ్లీషుల, చిన్న అక్షరాలల్ల. నేను సదవకనే ఇచ్చిన. ఫిట్సని బావ చెప్పినంకనే సదివిన. దుకాణంల ఎంతమందికి అమ్మిన్నో" అన్నాడు. ఇన్ని నెలలూ వాడు దాన్నే మోస్తూ తిరిగాడని అప్పుడు తెలిసింది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను. మధ్యాహ్నం మగ్గం గదిలో ట్యూబులైటు తీసి వాడే మామూలు బల్బు బిగించాడు.

మరునాడు నేను బడికి పోయి పెద్ద మేడంకు అంతా చెప్పాను. పడితే పక్కకు పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టవద్దని, ఎంతసేపు కొట్టుకుందో గడియారం చూడాలని చెప్పాను. ఆమె రాసుకున్నారు. నేను భయపడినట్టు ఆ పిల్లను ఎవరూ దూరం పెట్టలేదు.

ఇప్పుడు శిరీష పదో తరగతి. మళ్లీ ఫిట్స్ రాలేదు. ఏడాది దాటాక డాక్టరు గారిని అడిగి పెట్టెను అటక దించాం. కారు పందెం ఆట ఉన్న డిస్కు రమేశ్ తీసుకుపోయాడు. బంతి ఆట మాత్రమే, అది కూడా గదిలో బల్బు వేసి, టీవీకి దూరంగా తలుపు దగ్గర నిలబడి, కొద్దిసేపే. అత్తమ్మే ఇప్పటికీ ఎక్కువసార్లు గెలుస్తుంది. నేను ఆడను. వాళ్లు ఆడుతున్నంతసేపూ నా కళ్లు తెర మీద కాదు, శిరీష రెప్పల మీద ఉంటాయి. పక్కింట్లో గిన్నె పడినా లేచి నిలబడతాను. ఈ భయం పోతుందో లేదో నాకు తెలియదు.

ఇలాంటి జబ్బుతో ఉన్న ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి పోయేముందు మీరు చేసినవీ, మానేసినవీ ఒక కాగితం మీద రాసుకోండి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నదే మొదట రాయండి. నేను ఇప్పుడు అలాగే రాస్తున్నాను. శిరీష చదివి, నేను మరిచినవి కింద చేరుస్తుంది.

పోయినసారి చివర ఒక వాక్యం రాసింది: "మా అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు సార్." డాక్టరు గారు అది చదివి, ఆ రోజు రోగి కుర్చీలో ముందు నన్ను కూర్చోమన్నారు.